గోగునారతో నీళ్లలోని రాగినీ రంగునూ పట్టడం: మా బడి ల్యాబ్‌లో చేసే పద్ధతి

మా పుట్టిల్లు వరంగల్ కొత్తవాడలో. నాయన జంపఖానాలు నేసేవారు. చిన్నాయన ఇంటి వెనక పెరట్లో నూలు చిలపలకు రంగులు వేసేవారు. గల్లీ మోరీలో ఒకరోజు ఎర్రనీళ్లు పారేవి, ఇంకోరోజు నీలం. పొద్దున్నే ఏ రంగు వస్తుందో ముందు చెప్పినవాళ్లు గెలిచినట్టు, పిల్లలమంతా ఆడుకునేవాళ్లం. ఆ మోరీ ఎక్కడికి పోతుందని మాలో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తున్నాను, 26 ఏళ్లయింది. మన దగ్గర కాకతీయుల నాటి చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. పాఠంలో ఇది చెప్పిన రోజు ఒక పిల్ల లేచి, "అట్లయితే టీచర్, పై చెరువుల కలిసిన రంగు కూడా కిందికి దిగుతది కదా" అంది. ఆ మాట మీదే ఈ పని మొదలైంది. ఆరేళ్లుగా పిల్లలతో కలిసి నారను మార్చి, దానితో నీళ్లలోని రాగినీ రంగునూ పట్టే ప్రయోగాలు చేస్తున్నాం. చాలాసార్లు తప్పాం, కొన్ని కుదిరాయి. సైన్స్ ఫెయిర్‌కు చేయాలనుకునే టీచర్లకూ పిల్లలకూ, రంగుల పని చేసే ఇళ్లకూ పనికొస్తుందని అంతా వివరంగా రాస్తున్నాను.

మొదటే ఒక మాట. ఇది తాగే నీళ్ల ఫిల్టర్ కాదు. ఎందుకు కాదో కింద చెప్తాను.

నీళ్లలో ఏముందో తెలియకుండా నార ముట్టుకోవద్దు

మొదటి ఏడాది నేను చేసిన పెద్ద తప్పు ఇదే. పుస్తకంలో చదివిన పద్ధతిలో నిమ్మ ఉప్పుతో నారను తయారుచేశాను. ల్యాబ్‌లో మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు కలిపిన నీళ్లలో వేస్తే అరగంటలో నీళ్లు తేటపడ్డాయి. ఆ సంతోషంలో ఒక సంచి నిండా నార పట్టుకుని చిన్నాయన దగ్గరికి పోయి, రంగు కడిగిన నీళ్ల బకెట్‌లో ముంచాను. గంట చూశాం, రెండు గంటలు చూశాం. ఎరుపు ఎరుపుగానే ఉంది. చిన్నాయన నారను పిండి చూసి, "బిడ్డా, నీ నార నీళ్లు తాగింది గానీ రంగు తాగలేదు" అన్నారు.

కారణం విద్యుదావేశం. మిథిలీన్ బ్లూ నీళ్లలో కరిగితే దాని రంగు కణం ధనావేశంతో ఉంటుంది. నిమ్మ ఉప్పుతో మార్చిన నార మీద ఋణావేశం ఉంటుంది. అందుకని రెండూ అతుక్కున్నాయి. చిన్నాయన నూలుకు వాడేది రియాక్టివ్ రంగు. దాని కణంలో సల్ఫోనేట్ సమూహాలు ఉంటాయి, అవి ఋణావేశంతో ఉంటాయి. ఋణావేశానికి ఋణావేశం ఎదురైతే దూరం నెట్టుకుంటాయి తప్ప అంటుకోవు. తొమ్మిదో తరగతి పిల్లలకు నేనే చెప్పే సూత్రం ఇది. బకెట్ ముందు నిలబడ్డప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు.

కాబట్టి ముందు ఈ లెక్క చూసుకోండి. రాగి, సీసం, కాడ్మియం, జింక్, నికెల్ లాంటి లోహాల అయాన్లు ధనావేశం కలవి. మిథిలీన్ బ్లూ, మాలకైట్ గ్రీన్ వంటి బేసిక్ రంగులు కూడా అంతే. వీటికి నిమ్మ ఉప్పు నార పనిచేస్తుంది. రియాక్టివ్ రంగులు, డైరెక్ట్ రంగులు, ఫ్లోరైడ్, నైట్రేట్, క్రోమేట్ ఋణావేశం కలవి. వీటికి ఇది పనిచేయదు. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని విన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "ఈ నార ఫ్లోరైడ్ తీస్తుందా" అనే. తీయదు. ఫ్లోరైడ్‌కు పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి ఉంది. అది వేరే పని.

నార సంగతి

నేను వాడేది గోగునార. మన ఊళ్లలో పుంటికూర (గోంగూర) చెట్టు కోతకు రాకుండా ముదిరిపోతే కట్టెలు పొయ్యిలోకి పోతాయి. ఆ కట్టెలనే కట్టలు కట్టి, నీళ్లు నింపిన డ్రమ్ములో రాళ్లు పెట్టి ముంచి, రెండు వారాల దాకా నానబెట్టండి. బెరడు వేలితో లాగితే జారిరావాలి. అప్పుడు ఒలిచి, బాగా కడిగి, ఎండబెట్టాలి. ఇది ఊరి చెరువులో చేయకండి. కట్టెలు మురిగేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి, చేపలు చచ్చిపోతాయి. ఆ నీళ్లు వాసన కూడా వస్తాయి కాబట్టి డ్రమ్ము ఇంటికి దూరంగా ఉండాలి.

జనుము నార కూడా బాగానే ఉంటుంది. గోగు దొరక్కపోతే పాత గోనెసంచి విప్పుకోవచ్చు. అయితే సంచి నారను మిల్లులో మెత్తబరచడానికి నూనె పట్టిస్తారు. అది పోయేదాకా సబ్బు నీళ్లలో ఉడికించాలి. ఇంకో జాగ్రత్త: ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చిన గోనెలైతే అవి మిర్చి నింపినవి కావని చూసుకోండి. ఒకసారి తెలియక అలాంటి సంచి ఉడికించాం. ల్యాబ్‌లో ఎవరూ నిలబడలేకపోయారు, పిల్లలంతా దగ్గుతూ బయటికి పరుగెత్తారు.

నారను సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించండి. పొడవుగా ఉంటే ఉండ చుట్టుకుపోయి లోపలికి మందు పట్టదు. మరీ పొడి చేస్తే తర్వాత సీసాలో నింపినప్పుడు నీళ్లు దిగవు. మాకు సెంటీమీటరు సరిపోయింది.

ఈ నారలో ఏముంటుందో తెలిస్తే చేసే పని అర్థమవుతుంది. ప్రధానంగా సెల్యులోజ్. దాని చుట్టూ హెమిసెల్యులోజ్, లిగ్నిన్, పైన కొంచెం మైనం, జిగురు. సెల్యులోజ్ గొలుసు పొడవునా హైడ్రాక్సిల్ (–OH) సమూహాలు ఉంటాయి. అవి లోహాన్ని గట్టిగా పట్టలేవు గానీ, పట్టగలిగేదాన్ని తమకు అతికించుకోగలవు. మనం చేసేది రెండు పనులు: మైనం, జిగురు తీసేసి హైడ్రాక్సిల్‌లను బయటపెట్టడం, ఆ తర్వాత వాటికి నిమ్మ ఉప్పును అతికించడం.

సోడాతో ఉడికించడం

పుస్తకాల్లో కాస్టిక్ సోడా రాసి ఉంటుంది. బడిలో పిల్లలతో చేసేటప్పుడు నేను దాన్ని వాడను. కంట్లో చుక్క పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. బట్టల సోడాతో కొంచెం ఎక్కువసేపు ఉడికిస్తే మన పనికి చాలు. రంగుల పనివాళ్ల దగ్గర దొరికే సోడా యాష్ అయితే లీటరుకు 10 గ్రాములు. కిరాణా కొట్లో దొరికే స్ఫటికాల సోడా అయితే 27 గ్రాములు వేయాలి, ఎందుకంటే స్ఫటికంలో సగం కంటే ఎక్కువ బరువు నీళ్లదే. ఈ తేడా పట్టించుకోకపోతే ఒకసారికీ ఇంకోసారికీ ఫలితం కుదరదు.

50 గ్రాముల ఎండునారకు రెండు లీటర్ల సోడా నీళ్లు పోసి, స్టీలు గంజులో సన్నని మంట మీద గంట ఉడికించండి. అల్యూమినియం గిన్నె వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. నీళ్లు టీ డికాక్షన్ రంగుకు మారతాయి. వంపేసి, మామూలు నీళ్లతో కడుగుతూ పోవాలి. సోడా పోయిందో లేదో చూడటానికి పీహెచ్ (ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత) కాగితం లేకపోతే ఒక తెల్ల కాగితానికి పసుపు నీళ్లు రాసి ఆరబెట్టుకోండి. కడిగిన నీళ్ల చుక్క పడితే పసుపు ఎర్రబడిందంటే ఇంకా సోడా ఉన్నట్టు. పసుపు, సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేది ఇదే కారణంతో. పసుపు పసుపుగా ఉండేదాకా కడిగి, ఎండబెట్టి, తూకం వేయండి. మాకు 50 గ్రాములు 42 అయ్యాయి. తగ్గిన 8 గ్రాములూ మనకు అక్కర్లేని సరుకు.

నిమ్మ ఉప్పు పట్టించడం

ఈ మొత్తం పనిలో ప్రాణం ఇక్కడే ఉంది, కాబట్టి ఓపికగా చేయండి.

కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అనే పేరుతో అమ్మేది సిట్రిక్ ఆమ్లం. 40 గ్రాములు తీసుకుని 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో కరిగించండి. సోడాతో కడిగి ఆరబెట్టిన నార అందులో వేసి, చేతికి గ్లౌజులు వేసుకుని పిసికి, రెండు గంటలు వదిలేయండి. నీళ్లన్నీ నార పీల్చుకుంటుంది. కొంచెం మిగిలితే వంపేయకుండా ట్రేలో పోసి నారతోపాటే ఎండబెట్టండి.

స్టీలు ప్లేట్లలో పలచగా పరిచి ఎండలో పెట్టండి. మే నెలలో ఒక్కరోజు చాలు, వానాకాలంలో మూడు రోజులు పట్టింది. తేమ ఉండగానే ఓవెన్‌లో పెట్టకండి. నీళ్లు ఆవిరయ్యేదాకా నార వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, మనకు కావలసిన చర్య అప్పుడు జరగదు. పైగా ఆ చర్యలో బయటికి వచ్చేది నీరే. చుట్టూ నీళ్లుంటే అది ముందుకు సాగదు.

పొడిగా అయ్యాక 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు. సిట్రిక్ ఆమ్లంలో మూడు కార్బాక్సిల్ (–COOH) సమూహాలున్నాయి. వేడికి వాటిలో రెండు కలిసి ఒక నీటి అణువును వదిలి అన్‌హైడ్రైడ్‌గా మారతాయి. అది నారలోని హైడ్రాక్సిల్‌తో కలిసి ఎస్టర్ బంధం వేసుకుంటుంది. మూడింటిలో ఒకటి నారకు అతికింది, రెండు బయటికి తెరుచుకుని ఉన్నాయి. లోహాన్ని పట్టే చేతులు ఆ రెండూ. కొన్నిచోట్ల రెండో చేయి కూడా పక్క గొలుసుకు అతుక్కుంటుంది. వేడి పెంచేకొద్దీ, ఎక్కువసేపు ఉంచేకొద్దీ అలా ఎక్కువ అవుతుంది, పట్టే చేతులు తగ్గుతాయి. అందుకే ఎక్కువ కాల్చితే ఎక్కువ లాభం అనుకోవద్దు.

మేము వాడేది ఇంటి ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్. దాని మీద 120 అని తిప్పాం కదా అని నమ్మి ఒకసారి మొత్తం నారను పోగొట్టుకున్నాం. పై కడ్డీ దగ్గర నిజానికి 165 ఉంది. నార గోధుమ రంగు దాటి నల్లబడి, పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. అప్పటి నుంచి లోపల ఓవెన్ థర్మామీటర్ పెట్టి దాని లెక్కే చూస్తున్నాం, అరగంటకోసారి నారను కలుపుతున్నాం. సరిగ్గా వచ్చిన నార లేత గోధుమ రంగులో, చేతికి కొంచెం బిరుసుగా ఉంటుంది. దగ్గర్లో డిగ్రీ కాలేజీ ఉంటే వాళ్ల ల్యాబ్‌లోని హాట్ ఎయిర్ ఓవెన్ అడగడం అన్నిటికంటే మంచిది. ప్రెషర్ కుక్కర్ పనికిరాదు, అందులో ఉండేది ఆవిరి.

ఇప్పుడు కడగడం. చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్లతో నాలుగైదుసార్లు కడగాలి, చివరి నీళ్ల పీహెచ్ మామూలు నీళ్లతో సమానం అయ్యేదాకా. ఇక్కడ తొందరపడితే అంటుకోని నిమ్మ ఉప్పు నారలోనే ఉండిపోతుంది. రేపు అది నీళ్లలో కరిగి, రాగిని నార దగ్గరికి పోనివ్వకుండా తానే పట్టుకుంటుంది.

చివరగా లీటరు నీళ్లకు 5 గ్రాముల తినే సోడా కలిపి అందులో నారను అరగంట ఉంచండి. సన్నని బుడగలు వస్తాయి. కార్బాక్సిల్ మీది హైడ్రోజన్ పోయి సోడియం వచ్చి కూర్చుంటోందన్నమాట. సోడియాన్ని రాగి సులువుగా తోసేస్తుంది, హైడ్రోజన్‌ను తోయడం కష్టం. మళ్లీ మంచినీళ్లతో బాగా కడిగి నీడలో ఆరబెట్టండి. మాకు 42 గ్రాముల నార 47 అయింది. ఆ పెరిగిన 5 గ్రాములూ అతికిన సరుకు. బరువు పెరగకపోతే వేడి తగల్లేదని అర్థం. పరీక్షకు పోకుండా అక్కడే ఆగి మళ్లీ చేయండి.

పనిచేస్తోందా లేదా

మొదటి సైన్స్ ఫెయిర్‌లో మా పిల్లలు మిథిలీన్ బ్లూ సీసా చూపించి నీళ్లు తేటపడ్డాయని చెప్పారు. చూడటానికి వచ్చిన ఒక సార్, "ఏ మందూ పెట్టని నార వేస్తే ఏమవుతుంది?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. బడికి వచ్చి చేసి చూస్తే పచ్చినార కూడా నీళ్లను తేటపరిచింది! మేము వాడిన రంగు మరీ పలచన, లీటరుకు 10 మిల్లీగ్రాములు. అంత తక్కువ రంగును మామూలు నార కూడా పట్టేస్తుంది. మేము చేసిన పనికి ఫలితం ఎంతో ఆ పరీక్ష అసలు చూపించలేదు. ఆ ప్రశ్న అడిగిన సార్‌కు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

కాబట్టి ఇలా చేయండి. ఒక గ్రాము మిథిలీన్ బ్లూను లీటరు నీళ్లలో కరిగించి పెట్టుకోండి. దాంట్లోంచి 100 మిల్లీలీటర్లు తీసి లీటరు చేస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల ద్రావణం వస్తుంది. మూడు సీసాల్లో 200 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. ఒకదాంట్లో అర గ్రాము మార్చిన నార, ఒకదాంట్లో అర గ్రాము పచ్చినార, మూడోదాంట్లో ఏమీ వద్దు. మూడింటినీ ఒకేలా ఊపుతూ గంట తర్వాత చూడండి. తేడా కంటికే తెలుస్తుంది. రాసి చూపించాలంటే 100, 50, 25, 10, 5 మిల్లీగ్రాముల ద్రావణాలు వరసగా పరీక్షనాళికల్లో పోసి పెట్టుకుని, మీ నీళ్లు ఏ నాళికకు దగ్గరగా ఉన్నాయో పోల్చండి. మిథిలీన్ బ్లూ బట్టలకూ చేతులకూ అంటితే పోదు, పాత బట్టలతో రమ్మని పిల్లలకు ముందే చెప్పండి.

రాగి పరీక్ష ఇంకా బాగుంటుంది. పొలాల మందులకు వాడే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 4 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి, అందులో 100 మిల్లీలీటర్లు తీసి మళ్లీ లీటరు చేయండి. మైలుతుత్తం బరువులో నాలుగో వంతు రాగి, అంటే లీటరుకు సుమారు 100 మిల్లీగ్రాముల రాగి ఉన్న నీళ్లు వచ్చాయి. ఇది విషం, పిల్లల చేతికి నేరుగా ఇవ్వకండి. దీనికి బోరు నీళ్లు వాడొద్దు, ఆర్వో ప్లాంటు నీళ్లో డిస్టిల్డ్ వాటరో వాడండి. మా బడి బోరు నీళ్లు బాగా గట్టి నీళ్లు. వాటిలో కలిపితే రాగి మసకగా తెట్టు కట్టింది, ఉన్న కాల్షియం వచ్చి నార మీది చోటును ఆక్రమించింది.

100 మిల్లీలీటర్ల రాగి నీళ్లకు ఒక గ్రాము నార వేసి గంట ఊపండి. వడగట్టి, పరీక్షనాళిక నిండా పోసి, ల్యాబ్‌లోని అమోనియా ద్రావణం కొన్ని చుక్కలు వేయండి. రాగి ఉంటే ముదురు నీలం వస్తుంది. పక్క నుంచి చూస్తే లేతగా కనిపించి మోసం చేస్తుంది. నాళిక కింద తెల్ల కాగితం పెట్టి పైనుంచి లోపలికి చూడాలి. నార వేయని నీళ్లకూ ఇలాగే చేసి పక్కపక్కన పెట్టి చూడండి.

పీహెచ్ కాగితం ఇక్కడ తప్పనిసరి. నీళ్ల పీహెచ్ 5 దగ్గర ఉండాలి. 3 కంటే తగ్గితే కార్బాక్సిల్ మీద మళ్లీ హైడ్రోజన్ ఎక్కి కూర్చుంటుంది, నార రాగిని పట్టదు. 6 దాటితే రాగి తనంతట తానే హైడ్రాక్సైడ్‌గా విరిగి అడుగుకు దిగుతుంది. అప్పుడు నీళ్లు తేటపడతాయి గానీ అందులో నార చేసిందేమీ లేదు. తినే సోడా సరిగ్గా కడగకపోతే ఇదే జరుగుతుంది. చూసేవాళ్లకు గొప్పగా కనిపిస్తుంది, కానీ అది తప్పు ఫలితం.

ఇక తాగే నీళ్ల సంగతి. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం వాటిలో రాగి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. సీసానికైతే 0.01 మాత్రమే. మా అమోనియా పరీక్షలో 5 మిల్లీగ్రాముల కంటే తక్కువ రాగి కంటికి ఆనదు. నీలం పోయిందని ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. పైగా ఈ నార క్రిముల్ని చంపదు.

సీసాలో నింపి పారించడం

లీటరు ప్లాస్టిక్ సీసా అడుగు కోసి తలకిందులుగా స్టాండుకు కట్టండి. మూతికి దూది, దాని మీద కడిగిన సన్న కంకర, ఆపై 30 గ్రాముల నార. నారను ముందే నీళ్లలో నానబెట్టి, సీసాలో నీళ్లు ఉండగానే కొంచెం కొంచెంగా వేస్తూ కర్రతో మెల్లగా నొక్కాలి. పొడి నార నింపి పైన నీళ్లు పోస్తే మధ్యలో గాలి గూళ్లు మిగులుతాయి, నీళ్లు వాటి పక్క నుంచి దారి చేసుకుని నారను తాకకుండానే దిగిపోతాయి.

మెడికల్ షాపులో కొత్త సెలైన్ సెట్ కొని మూతికి బిగించండి. దాని చక్రం తిప్పుతూ నిమిషానికి 60 చుక్కలు పడేలా పెట్టండి. మామూలు సెట్‌లో 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు, అంటే గంటకు 180 మిల్లీలీటర్లు. తక్కువ అనిపిస్తుంది, కానీ రోజంతా పారితే నాలుగు లీటర్లు దాటుతుంది. వేగం పెంచితే రాగి అంటుకునే లోపే దిగిపోతుంది. ప్రతి అర లీటరుకు ఒక నాళికలో పట్టి అమోనియా వేసి చూడండి. నీలం మొదలైన నాళిక దగ్గర ఆపేయాలి. అప్పటికి నార నిండింది.

పట్టిన రాగిని ఏం చేయాలి

అన్నిటికంటే నాకు ముఖ్యమైన విషయం ఇది, పిల్లల ప్రాజెక్టుల్లో ఎక్కువగా వదిలేసేదీ ఇదే. రాగి మాయం కాలేదు. నీళ్లలోంచి నారలోకి మారింది, అంతే. ఆ నారను తీసుకెళ్లి బడి వెనక పారేస్తే మొదటి వానకే మళ్లీ నీళ్లలోకి దిగుతుంది. కాల్చేస్తే బూడిదలో ఉంటుంది. ఎరువు గుంతలో వేస్తే పొలానికి పోతుంది.

నిండిన నారను తెల్ల వెనిగర్‌లో అరగంట ఉంచండి. ఆమ్లంలోని హైడ్రోజన్ వచ్చి రాగిని దింపేస్తుంది. వడగట్టిన వెనిగర్ నీలంగా ఉంటుంది. అందులో బట్టల సోడా నీళ్లు మెల్లగా పోయండి. బాగా పొంగుతుంది కాబట్టి పెద్ద గిన్నె తీసుకోండి. పొంగు ఆగేదాకా పోస్తే రాగి నీలి ఆకుపచ్చ మడ్డిలా అడుగుకు దిగుతుంది. మర్నాటికి పైన తేట నీళ్లు ఉంటాయి. అమోనియాతో పరీక్షించి, రాగి లేదని చూశాకే వంపాలి. మడ్డిని ఎండబెట్టి సీసాలో దాచండి. మా ల్యాబ్‌లో దానికి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి మళ్లీ మైలుతుత్తం ద్రావణం చేసుకుంటున్నాం. వచ్చే ఏడాది పిల్లల పరీక్షకు అదే రాగి.

ఇక్కడ నిమ్మ ఉప్పు మాత్రం వాడకండి. ఇంట్లో ఉంది కదా అని ఒక ఏడాది వెనిగర్ బదులు నిమ్మ ఉప్పు నీళ్లతో రాగిని దింపాను. బాగానే దిగింది. తర్వాత ఎంత సోడా పోసినా మడ్డి రాలేదు, ముదురు నీలం నీళ్లు అలాగే ఉండిపోయాయి. రెండు రోజులు ఆలోచించాక, చక్కెర పరీక్షకు వాడే బెనెడిక్ట్ ద్రావణం (రాగి ఉన్న నీలం ద్రావణం) గుర్తొచ్చింది. అందులో సోడా ఉండి కూడా రాగి అడుగుకు దిగకుండా ఉండేది సిట్రేట్ పట్టుకోవడం వల్లే కదా! ఆ నీళ్లు ఇప్పటికీ మా అల్మారాలో మూత బిగించిన డబ్బాలో ఉన్నాయి, మోరీలో పోయలేదు.

రాగి దింపిన నారను కడిగి, మళ్లీ తినే సోడా నీళ్లలో అరగంట ఉంచితే ఇంకోసారికి సిద్ధం. మాకు నాలుగుసార్ల వరకు బాగా పనిచేసింది, ఐదోసారికి తగ్గింది. తడి నారను సంచిలో కట్టి పెడితే బూజు పడుతుంది, ఎప్పుడైనా ఆరబెట్టే దాచాలి.

చిన్నాయన రంగు నీళ్లు

మొదట ఓడిపోయిన ఆ ఎర్రనీళ్ల దగ్గరికి మళ్లీ వస్తాను. ఋణావేశం ఉన్న రంగును పట్టాలంటే నార మీద ధనావేశం కావాలి. పరిశ్రమల్లో దీనికి నారకు ఎప్పుడూ ధనావేశంతో ఉండే క్వాటర్నరీ అమ్మోనియం సమూహాలను అతికిస్తారు. ఆ మందులు ఒంటికి మంచివి కావు, బడిలోగానీ ఇంట్లోగానీ ముట్టుకోకూడదు. మేము పట్టిన దారి కైటోసాన్. రొయ్యల పెంకుల నుంచి తీసే పదార్థం, మొక్కల మందుగా కూడా అమ్ముతారు.

50 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్‌కు 150 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, అందులో 2 గ్రాముల కైటోసాన్ పొడి వేసి రాత్రంతా నాననివ్వండి. పొద్దుటికి గంజిలా చిక్కబడుతుంది. అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సోడాతో ఉడికించి కడిగిన 20 గ్రాముల నారను ముంచి, పిండి, ఎండబెట్టి, 120 డిగ్రీల దగ్గర గంట ఉంచాలి. ఆ కొంచెం నిమ్మ ఉప్పు పూతను ముడివేసి పట్టుకుంటుంది. అది లేకపోతే ఆమ్లం తగలగానే పూత కరిగిపోతుంది. తర్వాత పలచని సోడా నీళ్లలో, ఆపై మంచినీళ్లలో కడిగితే సరి.

కైటోసాన్‌లోని అమైన్ సమూహాలు కొంచెం పులుపు ఉన్న నీళ్లలోనే ధనావేశం పొందుతాయి. రంగు కడిగిన నీళ్లలో సోడా యాష్ ఉంటుంది కాబట్టి అవి బాగా క్షారంగా ఉంటాయి. వెనిగర్ పోస్తూ పీహెచ్ 6 దగ్గరికి తెచ్చి అప్పుడు నార వేయాలి.

చిన్నాయన పెరట్లో చేసి చూశాం. రంగు తొట్టి నీళ్లు నేరుగా తీసుకుంటే నార పెద్దగా పట్టలేదు. రియాక్టివ్ రంగు నూలుకు ఎక్కాలని ఆ తొట్టిలో ఉప్పు గుప్పిళ్లతో పోస్తారు. ఆ ఉప్పు అయాన్లు రంగుతో పోటీకి వచ్చి నార మీది చోటును తీసుకుంటాయి. మూడో కడుగు, నాలుగో కడుగు నీళ్లలో ఉప్పు తక్కువ. వాటిలో వేస్తే ముదురు గులాబీ రంగు నీళ్లు రెండు గంటల్లో లేతబడ్డాయి. పూర్తిగా తేటపడలేదు. అందుకని రంగుల పని చేసేవాళ్లకు నేను మొదట చెప్పేది నార గురించి కాదు. తొట్టి నీళ్లనూ కడుగు నీళ్లనూ ఒకే మోరీలో కలపకండి, వేర్వేరు డ్రమ్ముల్లో పట్టండి. తొట్టి నీళ్లను వెడల్పాటి సిమెంటు గుంతలో ఎండబెట్టుకోవచ్చు. చివరి కడుగు నీళ్లకు నార వాడొచ్చు, తేటపడిన వాటినే తర్వాతి చిలపల మొదటి కడుగుకు వాడుకోవచ్చు.

ఇప్పుడు చిన్నాయన పెరట్లో మూడు నీలం డ్రమ్ములున్నాయి. వాటి మీద సుద్దతో "తొట్టి", "మొదటి కడుగు", "చివరి కడుగు" అని ఆయనే రాశారు. రంగు పట్టిన నారను సోడా నీళ్లలో వేస్తే రంగు మళ్లీ దిగుతుంది. ఆ కొద్ది నీళ్లను ప్లేట్లో ఎండబెట్టి, మిగిలిన పొడిని కవర్‌లో కట్టి, ఏ రంగు, ఏ తేదీ, ఎన్ని గ్రాములని రాసి పెడుతున్నాం. మొన్న దసరా నాటికి అలాంటి కవర్లు 11 అయ్యాయి. అన్నీ ఒక ఇనుప డబ్బాలో ఉన్నాయి.